రైట్ ఫీల్డ్‌కి వచ్చిన రెండు బంతులు

వెర్లిన్, కోప్పడకు.
నీ జట్టుకి పదకొండేళ్లుగా స్కోరు రాస్తున్నదాన్ని.
పెన్సిల్‌తోనే రాస్తాను, సిరాతో కాదు,
దిద్దుకోవడానికి చోటుండాలని.
ఇవాళ నీదొకటి దిద్దుదామని వచ్చాను.

పోయిన వసంతంలో, గ్రాండ్ ఐలండ్‌లో,
శుక్రవారం సాయంత్రం నుంచి ఆదివారం పొద్దుగూకేదాకా
ఆరు ఆటలు.
రైట్ ఫీల్డ్‌లో నిలబెట్టిన నా మనవరాలు లెనోరా దగ్గరికి
వచ్చిన బంతులు రెండు.
రెండే.
ఒకటి గీత అవతల పడి కంచె కింద దూరింది.
ఇంకోటి రెండో బేస్ పిల్ల కాళ్ల సందులోంచి జారి
దారి అడుక్కుంటూ వచ్చినట్టు వచ్చింది.
మిగతా పొద్దంతా మా పిల్ల క్లోవర్ ఆకులు వెతికింది.
నాలుగు రెక్కలది దొరికితే గ్లవ్‌లో దాచి తెచ్చింది.
పెట్రోలు, హోటలు, టోర్నమెంటు ఫీజు,
మా అల్లుడి జేబులోంచి నాలుగొందల డాలర్లు.
ఒక్క ఆకుకి కాస్త ఖరీదెక్కువే.

బ్యాటు ఊపకుండా నిలబడి ఔటైతే
కే అక్షరాన్ని తిరగేసి రాస్తాం కదా,
దాని వరసలో అవి ఐదు,
గోడకేసి మొహం పెట్టుకున్న ఐదుగురు పిల్లల్లా.

ఆడితేనే ఆట వస్తుందంటావు.
గట్టు మీద కూర్చుంటే ఈతొస్తుందా అంటావు.
సరే, ఆరుసార్లు నీళ్లలోకి తోసి
ఆరుసార్లూ మునిగిందని రాయించావు నాచేత.
చేతులెలా ఆడించాలో ఎప్పుడు చెబుతావు?

అందుకే జూన్‌లో మాన్పించాను.
మా ఆయన ట్రాక్టర్ బయటపెట్టి షెడ్డు ఖాళీ చేశాడు.
రోజూ సాయంత్రం, బోర్లించిన బకెట్ మీద కూర్చుని
పక్కనుంచి బంతి అందించేదాన్ని.
నూట ఇరవై. మళ్లీ నూట ఇరవై.
నా మోకాలు మాట విననిరోజు ఎనభై.
మొదటివారం మడమ తిరగలేదు.
రెండోవారం మడమ తిరిగింది గాని
భుజం దానికంటే ముందే పరిగెత్తింది.
మూడోవారంలో ఒకరోజు,
మొక్కజొన్న చేల మీదుగా ఉరుము వస్తుండగా,
చప్పుడు మారింది.
అంతదాకా రేకు మీద గులకరాయి.
ఇప్పుడు పండిన పుచ్చకాయని వేలితో కొట్టినట్టు,
లోపల నిండుగా.
ఒకళ్ల మొహం ఒకళ్లం చూసుకున్నాం.
నా పుస్తకంలో దానికి గడి లేదు.

జూలైలో నా నడకలో పొగరు నువ్వు చూసే ఉంటావు.

ఇక నీ వైపు మాట కూడా నేనే చెబుతాను,
నువ్వు చెప్పేలోపు.
మొన్న నాలుగో ఇన్నింగ్స్‌లో బంతి పైకి లేచింది.
లెనోరా కదిలింది, నేర్పినట్టే, మొదటి అడుగు వెనక్కి.
సెంటర్ నుంచి మీ ఫ్రీదా కూడా వచ్చింది.
ఇద్దరూ సరిగ్గా కిందికి చేరారు.
ఇద్దరూ మర్యాదస్తులు.
నువ్వు పట్టుకో అని ఇది, కాదు నువ్వే అని అది,
నోరు తెరవకుండా, కళ్లతోనే.
పసుపుపచ్చ బంతి మధ్యలో గడ్డిలో పడి
పిలవని చుట్టంలా కాసేపు అక్కడే కూర్చుంది.

షెడ్డులో "నాది" అని అరవాల్సిన పని పడలేదు.
అక్కడన్నీ దానివే.

ఎవరూ తాకని బంతికి తప్పు ఎవరి ఖాతాలోనూ వేయం.
అవతలి పిల్లకి హిట్ రాశాను.
కాస్త గట్టిగా నొక్కానేమో, పెన్సిల్ మొన విరిగింది.

వచ్చే శనివారం మూడు ఆటలకి పంపుతాను.
ఆరు కాదు. బేరమాడకు.

నిన్న చీకటిపడ్డాక బకెట్ మీంచి లేచి
దూలం దాకా ఎగరేశాను బంతిని.
"నాది!" అని అరిచింది,
పోటీకి ఎవరూ లేనిచోట,
రేకులు అదిరేలా.
దూలం మీద కాపురమున్న పిచ్చుకలు రెండూ
సర్లెమ్మని
బయటికి ఎగిరిపోయాయి.